ఖాళీ అద్దంలో పదకొండూ నలభై

షాహిస్తా నల్లద్దాల జోడు పెట్టుకుని ఉత్త గాజుపలకను చూస్తూ కూర్చుంది.

ఓబులమ్మ, వాళ్ల ఇంటి ముందరి రిపేరు అంగడి గడపలోనే ఆగిపోయింది. ఆ పలక మీద ఏమీ లేదు. అక్షరం లేదు, గీత లేదు. బురద తేరుకోని నీళ్ల మాదిరి బూడిదరంగుగా ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆ పిల్ల పెదవులు కదిలిస్తూ చదువుతోంది.

దుఃఖంలో మనిషికి మతి తప్పడం ఓబులమ్మకు కొత్త కాదు. ఇరవై రెండేళ్లు పోలీసు కొలువు చేసి, హెడ్ కానిస్టేబులుగా దిగిపోయి, అనంతపురంలో డిటెక్టివ్ అని చిన్న బోర్డు కట్టుకున్న మనిషి ఆమె. గోడ గడియారం వైపు చూసింది. పదీ ఐదు. ఇంకా రెండు గంటల టైము కూడా లేదు.

"షాహిస్తా, పన్నెండుకు ఆ ట్రాన్స్‌ఫార్మరుకు మళ్లా కరెంటు ఇస్తాండారు. అంతలోపల నేను ఆడ ఉండల్ల. ఒక్క మాట అడిగి పోదామని వచ్చినా."

షాహిస్తా జోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "అడుగక్కా."

ఆమె మొగుడు సైఫుల్లా చనిపోయి ఐదు రోజులు. కళ్యాణదుర్గంలో ఎస్టీడీ బూతుల మిషన్లు బాగుచేసే పని అతనిది. సెల్‌ఫోన్లు వచ్చి బూతులు ఒక్కొక్కటే మూతపడుతుంటే, పారేసిన మిషన్లను తూకానికి కొని, వాటిలోని అంకెల తెరలు ఊడదీసి ఏవేవో తయారుచేసేవాడు. శుక్రవారం పగటిపూట, ఊరికి ఆరు మైళ్ల దూరంలో, నాగన్న చేని దగ్గర ట్రాన్స్‌ఫార్మరు మీద కరెంటు కొట్టి పోయాడు. జేబులో తీగముక్క దొరికింది. పోలీసులు 'తీగల దొంగ' అని రాసి ఫైలు కట్టేశారు. జనాజా వెంట ఖననానికి పదకొండు మంది వచ్చారు.

"ట్రాన్స్‌ఫార్మరు ఎక్కేటోళ్లు కరెంటు ఆగేట్టు కింద హ్యాండిలు దించి, దానికి తువ్వాలు కడతారు. మీ ఆయన ప్యాంటు చొక్కా మనిషి. ఆయన ఏం కట్టేవాడు?"

"దస్తీ కట్టేవాడక్కా. ఎర్ర గళ్ల చిన్న రుమాలు. నేనే అంచు కుట్టిచ్చినా, పచ్చదారంతో. ఎర్రదారం అయిపోయుండె. ఆ పొద్దు గూడా జేబులో పెట్టుకోనే పోయినాడు."

ఓబులమ్మ సంచిలోంచి పంచనామా నకలు తీసింది. చొక్కా, ప్యాంటు, చెప్పులు, కటింగ్ ప్లేరు, తీగముక్క. 'మోటారు దగ్గర పనిచేయని డబ్బా ఒకటి.' దస్తీ లేదు.

"ఈ పనిచేయని డబ్బా ఏమి?"

"బయమ్మవ్వ కోసం చేసిచ్చినాడు. నాగన్నకు ఆమె చిన్నమ్మ. ఇద్దరికీ ఒకటే బోరు, వంతులేసుకోని పారగడతారు. కరెంటు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో ముసలామెకు తెలీదు. నాగన్న ఆమె వంతు గూడా వాడుకుంటాండె. డబ్బా పెడితే టైము అదే రాసి పెడతాది." షాహిస్తా కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఈ ఐదు దినాల్లో మా గడప తొక్కింది ఆ అవ్వ ఒక్కతే. రోజూ సంగటిముద్ద తెచ్చి, తినేదాకా కదలదు."

"మరి డబ్బా పనిచేయలేదని రాసినారే."

షాహిస్తా ఒళ్లోని నల్లద్దాలు ఓబులమ్మ చేతిలో పెట్టి, గాజుపలక ఆమె వైపు తిప్పింది. "పెట్టుకోని చూడక్కా."

ఓబులమ్మ పెట్టుకుంది. బూడిదరంగు పలక మీద నల్లటి చుక్కలు పైకి తేలాయి. చుక్కలు కలిసి అక్షరాలయ్యాయి. వంకరటింకరగా, చిన్నపిల్ల రాసినట్టు, తెలుగులో ఒకే మాట.

తిన్నావా.

జోడు తీసింది. ఉత్త పలక. మళ్లీ పెట్టింది. తిన్నావా.

"బూతుల్లో ఎండ తగిలి తెర మీద పొర కాలిపోతాది కదక్కా, నల్లగా బొబ్బలెక్కి. ఆ పొర పీకేస్తే గాజు బాగనే ఉంటాది, రాత గూడా ఉంటాది, కానీ కంటికి కనపడదు. కొత్త పొరలు ఈడ యాడ దొరుకుతాయి? బెంగుళూరుకు పోవల్ల. ఉన్న ఒక్క మంచి పొరనూ కత్తిరించి ఈ జోడుకు అంటించినాడు. జోడు ఒకటే, అన్ని తెరలూ దీంతోనే చూసేది. నేను బీడీలు చుట్టుకుంటా తిండి మరిచిపోతానని, బయటికి పోయేటప్పుడు ఇది నా ముందర పెట్టి పోయేవాడు."

ఓబులమ్మ లేచి నిలబడింది. "పొలంలో డబ్బాకు పొర ఉందా?"

"లేదు. దానికీ లేదు."

"అయితే అది చచ్చిన డబ్బా కాదు."

"బ్యాటరీ ఉన్నన్నాళ్లు బతికే ఉంటాది. కానీ ఆఖరుగా జరిగిన నాలుగు సంగతులే గుర్తుంటాయి దానికి. కొత్తది వస్తే పాతది తుడిచేస్తాది." షాహిస్తా గాజుపలకను బోర్లించింది. "ఆ హ్యాండిలు రెండుసార్లు ఎత్తి దించినారంటే, ఆయన పోయిన పొద్దు ఏం జరిగిందో ఆడ ఇంక ఏమీ ఉండదు."

"నువ్వూ వస్తావా?"

"ఇద్దత్‌లో ఉండానక్కా. మొగుడు పోయినాక నాలుగు నెలల పది దినాలు గడప దాటకూడదు." ఆమె ఓబులమ్మ ముంజేయి పట్టుకుంది. "ఆయన పోయినాడని బతికినన్నాళ్లూ ఏడుస్తా. అది నా రాత. కానీ దొంగ అనే మాట మోయలేను. ఆ ఒక్క మాట కొట్టేయించు. ఇంకేమీ అడగను. జోడు మాత్రం మళ్లా తెచ్చియ్యి. అది లేకపోతే ఆయన మాట నాకు కనపడదు."

* * *

షేరు ఆటో నాగన్న చేని దగ్గర దింపేసరికి పదకొండూ ఇరవై. చావు జరిగిన చోట కరెంటు తిరిగి ఇచ్చేటప్పుడు దగ్గరుండాలని పోలీసు జీపు అప్పటికే వచ్చి ఆగి ఉంది.

ఓబులమ్మ ముందు హ్యాండిలు దగ్గరికి పోయింది. కరెంటు స్తంభానికి నడుమెత్తున ఇనుప హ్యాండిలు, కిందికి దించి ఉంది. దానికి తెల్ల తువ్వాలు గట్టిగా రెండు ముళ్లు వేసి కట్టి ఉంది. కరెంటు ఇవ్వడానికి వచ్చిన లైన్‌మన్ తిప్పయ్య తువ్వాలు అది. అక్కడినుంచి ట్రాన్స్‌ఫార్మరు వైపు అడుగులు లెక్కపెట్టింది. నలభై రెండు. మధ్యలో మనిషెత్తు కిత్తనార కంచె. హ్యాండిలు దగ్గర నిలబడితే ట్రాన్స్‌ఫార్మరు మీద మనిషి కనపడడు. అందుకే తువ్వాలు. తువ్వాలు ఉంటే పైన ప్రాణం ఉన్నట్టు. దాన్ని కట్టినవాడే విప్పాలి. తువ్వాలు లేకపోతే ఎవరైనా ఎత్తొచ్చు. ఈ దిక్కున పొట్టకోస్తే అక్షరం ముక్క రానివాడికీ ఈ సంగతి తెలుసు.

"ఏమి ఓబులమ్మా, రిటైరైనా కాళ్లు నిలబడటం లేదా?" సీఐ దివాకర్ చెట్టు నీడలోంచి లేచాడు. పదేళ్ల కిందట ట్రైనింగ్ ఎస్సైగా వచ్చినప్పుడు, స్టేషన్ డైరీ ఎట్లా రాయాలో అతనికి నేర్పింది ఓబులమ్మే. ఆ సంగతి అతనికి గుర్తుంది. అదే అతని బాధ.

"కాళ్లు బాగనే ఉండాయి సార్. మీ పంచనామానే కుంటుతాంది."

"కేసు మూసేసినా. దాంట్లో కెలికేదానికి ఏమీ లేదు. ఈ ఫీడరుకు మధ్యాన్నం వచ్చే కరెంటు ఆ వారం పొద్దుటికి మారింది. టౌనులో ఉండేవానికి ఆ సంగతి తెలీదు. కరెంటు లేదనుకోని తీగ కోసేదానికి ఎక్కినాడు, పోయినాడు. ఇంకేం కావల్ల?"

"పన్నెండు వరకూ టైము కావల్ల. మీరు గూడా ఊరకే నిలబడుండారు కదా."

దివాకర్ నవ్వలేదు, కాదనలేదు. చెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడిన నాగన్న వైపు తల ఊపాడు. యాభై ఏళ్ల మనిషి. తెల్లపంచె, మెడలో తువ్వాలు, రెండు రోజుల గడ్డం.

"నాగన్నా, ఆ పొద్దు నువ్వు ఎన్ని గంటలకు చూసినావప్పా?" అని అడిగింది ఓబులమ్మ.

"చెప్పినా కదమ్మా సార్‌కు. మూడు గంటలకు. ఊర్లోనుంచి వచ్చి చూస్తే ట్రాన్స్‌ఫార్మరు మీద వేలాడతాండె."

"అప్పుడు హ్యాండిలు ఎత్తి ఉండిందా, దించి ఉండిందా?"

"ఎత్తే ఉండె. నేనే ఉరికిపోయి దించినా. దించకపోతే దగ్గరికి పోయేదెట్ల?"

"దించింది నువ్వే. అదీ మూడు గంటలకు."

"మూడు గంటలకే. ఎన్నిసార్లు చెప్పల్ల?"

"పొద్దున్నుంచి అంతవరకూ దాన్ని ఎవురూ ముట్టుకోలేదు?"

"ఎవురు ముట్టుకుంటారు? ఎవురూ లేరు ఈడ."

ఓబులమ్మ ఆ మాట నోటుబుక్కులో రాసుకుని, నాగన్నకు చదివి వినిపించి, కింద వేలిముద్ర వేయించుకుంది. దివాకర్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఆమె ఎప్పుడు వేలిముద్ర తీసుకుంటుందో అతనికి తెలుసు.

మోటారు కొట్టంలో, స్టార్టరు పక్కన మేకుకు సోపుడబ్బా అంత ప్లాస్టిక్ డబ్బా వేలాడుతోంది. దానికి ఒక గాజుతెర. తెర మీద ఏమీ లేదు. కొట్టం గుమ్మంలో డెబ్బై ఏళ్ల ముసలామె, బయమ్మ, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉంది.

"చచ్చిన డబ్బా," అన్నాడు దివాకర్ వెనకనుంచి. "నేనే బటన్లు నొక్కి చూసినా."

ఓబులమ్మ నల్లద్దాలు పెట్టుకుంది. తల కొంచెం అటూ ఇటూ వంచింది. చుక్కలు తేలాయి. పైవరసలో రెండు, కిందివరసలో రెండు. ఆమె గట్టిగా చదవలేదు. జోడు తీసి దివాకర్‌కు అందించింది.

"ఈ జాతర అద్దాలు నేను పెట్టుకోవల్లనా?"

"పెట్టుకోండి సార్. ఈడ ఫొటో తీసేవాళ్లు ఎవురూ లేరు."

దివాకర్ పెట్టుకున్నాడు. తనకు తానే చెప్పుకుంటున్నట్టు చదివాడు. "వ, తొమ్మిదీ రెండు. పో, పదకొండూ నలభై. వ, పదకొండూ యాభై రెండు. పో, పన్నెండూ ఐదు."

"వ అంటే వచ్చింది. పో అంటే పోయింది."

"ఈ బొమ్మ గడియారం కరెక్టుగా ఉందని నమ్మకమేంది?"

ఓబులమ్మ నోటుబుక్కు తెరిచింది. "నిన్న సబ్‌స్టేషన్‌కు పోయి ఆ పొద్దుటి రిజిస్టరు చూసొచ్చినా. కరెంటు ఇచ్చింది తొమ్మిదికి. డబ్బాలో తొమ్మిదీ రెండు. రెండు నిమిషాలు ముందుంది, అంతే. నాలుగు గంటల వరకూ సబ్‌స్టేషన్‌లో ఒక్క నిమిషం గూడా ఆపలేదు. మరి ఈడ పదకొండూ నలభైకి ఎట్ల పోయింది?"

దివాకర్ జోడు తీసి ఆమెకు తిరిగిచ్చి, హ్యాండిలు వైపు చూశాడు.

"సైఫుల్లా దించినాడు సార్. కరెంటు ఎప్పుడొస్తాదో తెలుసుకునే డబ్బా చేసిన మనిషికి, కరెంటు ఉందో లేదో తెలీదా? హ్యాండిలు దించి, దస్తీ కట్టి, ఎక్కినాడు. పన్నెండు నిమిషాల తర్వాత ఎవురో ఎత్తినారు. పదమూడు నిమిషాల తర్వాత ఎవురో మళ్లా దించినారు. పైన ఉన్నవాడు దిగొచ్చి ఎత్తలేదు. చచ్చినవాడు దించలేదు."

ఓబులమ్మ నాగన్న వైపు తిరిగింది.

"మూడు గంటలకు దించినా అన్నావు. మూడు గంటలకు దించింటే ఈ డబ్బాలో మూడు ఉండల్ల. పన్నెండూ ఐదు ఉంది. పన్నెండూ ఐదు నుంచి మూడు దాకా వాణ్ని ఆ ఎండలో అట్లనే వదిలేసి యాడికి పోయినావు నాగన్నా?"

నాగన్న మెడలోని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గోడకు జారగిలబడి, అట్లే కిందికి కూలబడ్డాడు.

"మోటారు ఆడకపోతే చూసేదానికి పోయినా. హ్యాండిలు దించి ఉండె. తువ్వాలు లేదమ్మా, మా అమ్మ మీద ఆన, తువ్వాలు లేదు. ఏ గుడ్డా లేదు. ఎవురో దించి మరిచిపోయినారనుకోని ఎత్తినా. మళ్లా వచ్చి చూసినా మోటారు ఆడలా. ట్రాన్స్‌ఫార్మరు కాడికి పోయినా, అప్పుడు చూసినా." అతని మాట తెగింది. "దించి, పిలిచినా. పలకలా. భయమేసి ఊర్లోకి పోయినా. నా చేత్తో చచ్చినాడంటే నా గతేమి? దొంగ అని చెప్తే ఎవురూ అడగరనుకున్నా."

"దొంగ అని చెప్తే ఎవురూ అడగరు," అన్నది ఓబులమ్మ నెమ్మదిగా. "నిజమే. ఎవురూ అడగలేదు." ఆమె దివాకర్ వైపు చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది.

బయట తిప్పయ్య గొంతు వినిపించింది. అతను ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ఉన్నాడు. "సార్, ఈడ ఫ్యూజు తీగ కొత్తది ఉందే. ఒక కొస బిగించినారు. ఇంగో కొస వేలాడతాంది. ఎవురు చేసిండేది?"

దివాకర్ కంచె దాటి పోయి పైకి చూశాడు. ఎండలో చిన్న తీగముక్క బంగారం మాదిరి మెరుస్తోంది. అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మూడు ఫ్యూజుల్లో ఒకటి కాలిపోయుండె," అన్నది ఓబులమ్మ పక్కన నిలబడి. "ముసలామె వంతు నీళ్లు పోతాయని కట్టేదానికి ఎక్కినాడు. ఆయన జేబులో ఉండేది దీంట్లో మిగిలిన ముక్క. దొంగ తీగ తీసుకోని పోతాడు సార్. కొత్త తీగ చుట్టి పోతాడా?"

సీఐ జీపులోంచి ఫైలు తెప్పించి, బానెట్ మీద పెట్టి, 'దొంగ' అన్న మాట ఉన్న చోటల్లా గీత కొట్టి పక్కన సంతకం చేశాడు. నాలుగు చోట్ల ఉంది.

"అయితే ఇప్పుడు ఇంకొకటి రాయల్ల," అన్నాడు. అతని గొంతులో పాత పదును తిరిగొచ్చింది. "సైఫుల్లా దస్తీ కట్టినాడని నువ్వే అంటాండావు. అది శవం మీద లేదు, కింద లేదు, హ్యాండిలుకు లేదు. ఈ డబ్బా వల్ల నాగన్న నీళ్ల దొంగతనం బయటపడతాది. అందుకే దస్తీ విప్పి పారేసి, పైన మనిషున్నాడని తెలిసే ఎత్తినాడు. ఇది పొరపాటు కాదు ఓబులమ్మా. హత్య. మూడొందల రెండు."

"నేను విప్పలేదు సార్. లేనే లేదు," నాగన్న అదే మాట అంటూనే ఉన్నాడు. జీపులో కూర్చోబెట్టాక కూడా అంటున్నాడు. జీపు కదిలేటప్పటికి పన్నెండూ పది.

ఓబులమ్మ దుమ్ములో నిలబడింది. వచ్చిన పని అయింది. షాహిస్తా అడిగిన ఒక్క మాటా కొట్టేయించింది. కానీ నాగన్న ముఖం ఆమెను వదలడం లేదు. టైముల గురించి అబద్ధం చెప్పినప్పుడు ఆ మనిషి కళ్లు నేలమీద ఉన్నాయి. తువ్వాలు లేదన్నప్పుడు మాత్రం నేరుగా ఆమె కళ్లలోకి చూశాడు.

తిప్పయ్య ఆ వేలాడుతున్న కొసను బిగించి దిగాడు. తన తువ్వాలు తానే విప్పుకుని భుజాన వేసుకుని హ్యాండిలు ఎత్తాడు. కొట్టంలో మోటారు గుర్రుమంది. ఐదు రోజుల తర్వాత పైపులో నీళ్లు దగ్గుతూ వచ్చి శనగచెట్ల సాళ్లలోకి పారాయి.

బయమ్మ లేచి నీళ్లలో కాళ్లు తడుపుకుంది. కళ్లు తుడుచుకుంది. "ఆ నాయన కట్టిన తీగతోనే వస్తాండాయి కదమ్మా ఈ నీళ్లు," అన్నది. "ఆ పొద్దు డబ్బా చూసుకోని టౌనుకు పోయినాడనుకున్నా నేను. నాకోసం ఎక్కినాడని తెలీకపాయె."

"ఊరుకో అవ్వా."

"మంచిపని చేసినావు. నాగన్నను ఎత్తుకపోయినారు. పాపం ఊరికే పోతాదా?" ముసలామె పైపు వెంబడి నడిచి, రెండు పైపులు కలిసే చోట వంగి చేత్తో తడిమింది. "ఈడ చూడు, ఎంత కారతాండెనో ముందు. సగం నీళ్లు ఈడనే పోయేటివి. గుడ్డ చుట్టి బిగించినా. ఇప్పుడు చుక్క కారడం లేదు."

ఓబులమ్మ చూసింది. పైపు అతుకు మీద మూడు చుట్లు చుట్టి, ముడి వేసిన గుడ్డ. మట్టి పట్టి నల్లబడింది. నీళ్లు తగిలేకొద్దీ మట్టి కరిగి కింద ఎర్ర గళ్లు బయటపడుతున్నాయి. అంచున పచ్చదారం.

ఆమె గట్టు మీద కూర్చుంది.

"అవ్వా, ఈ గుడ్డ యాడిది?"

"ఆ పొద్దుదే. పైపుకు చుట్టేదానికి గుడ్డపీలిక కోసం తిరుగుతాంటే, ఆ హ్యాండిలుకు చిక్కుకోని ఉండె. ఎవురిదో పాత గుడ్డ, గాలికి కొట్టుకొచ్చిందనుకోని ఇప్పుకొచ్చినా." బయమ్మ నవ్వబోయి, ఓబులమ్మ ముఖం చూసి ఆగింది. "ఏమమ్మా అట్ల చూస్తాండావు? తువ్వాలైతే నేను ముట్టుకునేదాన్నా? ఇంత చిన్నగుడ్డ."

దూరంగా జీపు రేపిన దుమ్ము ఇంకా దారి మీద వేలాడుతోంది. నోరు తెరిస్తే ఒక మనిషి ఉరినుంచి దిగుతాడు, ఇంకొక మనిషి బతికుండగానే కాలిపోతుంది. నోటుబుక్కు ఓబులమ్మ చేతిలోనే ఉంది. పెన్ను మూత తీయలేదు.

బయమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని, కొట్టం గూట్లోంచి మూత పెట్టిన గిన్నె తీసింది. సంగటి వాసన వచ్చింది.

"పా అమ్మా, ఆటో దొరుకుతాదేమో చూద్దాం. ఆ పిల్ల పొద్దున్నుంచి తినిందో లేదో."